గుర్రాల షోలో క్లాసు పేర్లు: ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ పాపకు తొమ్మిదేళ్లు. వర్జీనియాలో ఏడాదిన్నరగా గుర్రపు స్వారీ నేర్చుకుంటోంది. నడక, ట్రాట్ (నడక కన్నా వడిగా, రెండు తాళాల్లో పడే అడుగు) బాగా వచ్చు, కాంటర్ (ఇంకా వేగమైన మెల్లని దౌడు) ఈ మధ్యే మొదలుపెట్టారు, చిన్న చిన్న జంపులు చేస్తోంది. వచ్చే నెల ఊళ్లో జరిగే షోకి ట్రైనర్ ప్రైజ్ లిస్ట్ పంపించి "క్లాసులు చూసుకోండి" అన్నారు. అందులో అరవై క్లాసులున్నాయి, ఒక్క పేరూ అర్థం కాలేదు. చివరికి మీరు మూడింటికి టిక్కు పెట్టారు: షార్ట్ స్టిరప్ ఈక్విటేషన్ వాక్-ట్రాట్, చిల్డ్రన్స్ హంటర్, ఓపెన్ ప్లెజర్. "చిల్డ్రన్స్ అని ఉంది కాబట్టి పిల్లలదే, ఓపెన్ అంటే ఎవరైనా రావచ్చు కదా, సరిపోతాయా?" అని అడిగారు.

మొదటిది ఉంచండి. మిగతా రెండూ కొట్టేయండి. ఎందుకో చెబుతాను, ఎందుకంటే ఇది తెలిస్తే ఆ అరవై పేర్లూ మీరే చదువుకోగలరు.

నేను ఇదే రాష్ట్రంలో పన్నెండేళ్లుగా ఈ షోల చుట్టూ తిరుగుతున్నాను. మొదట్లో మా అమ్మాయి వెనక నీళ్ల సీసా పట్టుకుని కంచె పక్కన నిలబడ్డాను. తర్వాత ఒక చిన్న క్లబ్బు షోలో ఎంట్రీలు రాసుకునే బల్ల దగ్గర వలంటీరుగా కూర్చున్నాను. నలభై దాటాక నేనే జీనెక్కాను. ఆ బల్ల దగ్గర కూర్చున్న ప్రతి షోలోనూ మీలాంటి అమ్మానాన్నలు పది మందైనా వచ్చి ఇదే ప్రశ్న అడిగేవారు. పిల్లకు రాని క్లాసులో పేరు రాయించి, లోపలికి వెళ్లాక తెలుసుకుని, బిక్కమొహంతో బయటికొచ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను. ఆ తప్పు పిల్లది కాదు, తనెక్కిన పోనీది (పొట్టి గుర్రానిది) కాదు. పేరు చదవడం ఎవరూ చెప్పలేదు, అంతే.

ముందు ఒక్క మాట. ఇక్కడ "క్లాస్" అంటే పాఠం కాదు, ఒక పోటీ. "డివిజన్" అంటే ఒకే స్థాయి వాళ్లకోసం కట్టగట్టిన రెండు మూడు పోటీలు. "ప్రైజ్ లిస్ట్" అంటే బహుమతుల పట్టిక కాదు, పోటీల పట్టిక, నియమాలతో సహా. "స్కూలింగ్ షో" అంటే బడిపిల్లల షో కాదు, గుర్రాన్నీ మనిషినీ అలవాటు చేయడానికి పెట్టే షో. మీరు వెళ్లేది అదే అయితే మొదటిసారికి అంతకన్నా మంచిది లేదు.

ఇప్పుడు పేర్ల సంగతి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, అసలు పేరు వెనక ఉంటుంది కదా. క్లాసు పేర్లూ చాలావరకు అంతే. ముందున్న మాటలు "ఎవరు రావచ్చు" అన్నది చెబుతాయి: వయసు, అనుభవం, గుర్రం ఎత్తు. వెనకున్న మాటలు "జడ్జి దేన్ని చూస్తారు, లోపల ఏం చేయాలి" అన్నది చెబుతాయి. షార్ట్ స్టిరప్ అన్నది ఇంటిపేరు. ఈక్విటేషన్ అన్నది అసలు పేరు. వాక్-ట్రాట్ అన్నది చేయాల్సిన పని. కాబట్టి పేరును వెనక నుంచి చదవండి. ముందు అసలు పేరు పట్టుకుంటే సగం అయోమయం తీరిపోతుంది.

అసలు పేర్లలో మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే: జడ్జి కళ్లు గుర్రం మీదా, మనిషి మీదా, గడియారం మీదా? ఈక్విటేషన్ అంటే మనిషి మీద. మీ పాప మడమలు కిందికి ఉన్నాయా, చూపు ముందుకు ఉందా, చేతులు కదలకుండా ఉన్నాయా, ట్రాట్‌లో సరైన తాళానికి లేస్తోందా అన్నదే చూస్తారు. గుర్రం బయటివైపు ముందుకాలు ముందుకు వెళ్లినప్పుడు రైడర్ జీను మీంచి లేవాలి, దాన్నే డయాగొనల్ అంటారు. కాంటర్‌లో అయితే లోపలివైపు ముందుకాలు రెండోదానికన్నా ముందుకు చాచాలి, అది లీడ్. ఈ రెండూ తప్పితే ఈక్విటేషన్‌లో వెనకబడతారు. గుర్రం పాతదైనా, అందంగా లేకపోయినా దానికి మార్కులు పోవు. అందుకే బార్న్‌లో, అంటే గుర్రాలుండే, స్వారీ నేర్పే చోట, పాఠాలకు వాడే పోనీ మీద వెళ్లే పిల్లకు ఈక్విటేషన్ చాలా న్యాయమైన పోటీ.

హార్స్‌మన్‌షిప్, షోమన్‌షిప్ అన్నవీ మనిషి మీద చూపు పెట్టే క్లాసులే. హార్స్‌మన్‌షిప్ వెస్టర్న్ జీను, అంటే కౌబాయ్‌ల తరహా జీను వాళ్లది. షోమన్‌షిప్‌లో అసలు గుర్రమే ఎక్కరు, పగ్గం పట్టుకుని నడిపించి, నిలబెట్టి చూపించాలి. మా అమ్మాయికి చిన్నప్పుడు నేనొక గుర్తు చెప్పాను: పేరులో "మన్" వినబడితే చూసేది మనిషిని. తనకిప్పుడు ఇరవై ఏళ్లు, ఇంకా అదే చెప్పుకుంటుంది.

దీనికి ఎదురుగా హంటర్, ప్లెజర్, అండర్ శాడిల్, హాల్టర్, మోడల్ అన్న మాటలుంటే చూసేది గుర్రాన్ని. హాల్టర్, మోడల్ క్లాసుల్లోనూ ఎవరూ ఎక్కరు, కానీ అక్కడ చూసేది గుర్రం ఒళ్లు ఎలా కుదిరింది, కాళ్లు ఎలా నిలబడ్డాయి అని. నడిపించే మనిషి ఎలా నడిపించారన్నది షోమన్‌షిప్‌లో సంగతి. పక్కనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, పగ్గం పట్టుకున్న ఒక మనిషి, ఒక గుర్రం. రిబ్బన్ (స్థానాన్ని బట్టి ఇచ్చే బహుమతి) మాత్రం వేరేవాళ్లకు వెళ్తుంది.

మూడోది జంపర్. అక్కడ అందం చూడరు. కర్ర పడితే 4 ఫాల్ట్‌లు, అంటే తప్పు మార్కులు, ఆ పైన సమయం. ఎవరైనా లెక్క వేయగలిగేది ఈ ఒక్కటే.

హంటర్ అన్న మాట గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా జంకేది ఆ మాట దగ్గరే. "మా పిల్ల వేటకు వెళ్లాలా?" అని ఒకావిడ నిజంగా భయపడి అడిగింది. వెళ్లక్కర్లేదు. కానీ పేరు వచ్చింది నక్కల వేటలోంచే. వర్జీనియా పొలాల్లో వేటకుక్కల వెంట గంటల తరబడి గుర్రాల మీద వెళ్లేవారు. దారిలో చెక్క కంచెలు, రాతి గోడలు, మూసిన గేట్లు. అలాంటి రోజుకు ఎలాంటి గుర్రం కావాలి? బెదరనిది, ఒకే వేగంతో సాగేది, పదిమంది పక్కన ఉన్నా తగవు పెట్టుకోనిది, కంచె దాటేటప్పుడు మోకాళ్లు పైకి మడిచి వీపును విల్లులా వంచేది. జంపింగ్ రింగులో, అంటే పోటీ జరిగే కంచె వేసిన చోట, ఈ రోజు హంటర్ జడ్జి వెతికేది కూడా ఆ గుర్రాన్నే. దేశంలోకెల్లా పాతదైన గుర్రాల షో మన వర్జీనియాలోనే, అప్పర్‌విల్‌లో, 1853లో మొదలైంది. ఆ ఊరి చుట్టూ ఉన్న రాతి గోడలు, కంచెలు ఒకసారి చూసి వస్తే హంటర్ కోర్సులో ఆ అడ్డులకు ఆ రూపం ఎందుకో మీకే తెలుస్తుంది.

అయితే ఈ హంటర్ అన్న మాట పక్కన ఇంకో మాట చేరినప్పుడే అసలు చిక్కు. హంటర్ అండర్ శాడిల్ అంటే జంపులు లేవు. అందరూ ఒకేసారి లోపలికి వెళ్లి గోడ వెంబడి నడక, ట్రాట్, కాంటర్ చేస్తారు, జడ్జి గుర్రాల నడకను పోలుస్తారు. హంటర్ హాక్ అంటే క్వార్టర్ హార్స్ (ఒక అమెరికన్ గుర్రపు జాతి) షోల్లోనూ, వాళ్ల పద్ధతి పాటించే షోల్లోనూ రెండు జంపులు, ఆ తర్వాత జంపులు లేకుండా నడక, ట్రాట్, కాంటర్. ఇక్కడే ఇంకో మెలిక ఉంది: మన వైపు హంటర్ బార్న్‌లలో "హాక్" అని నోటితో అనేది అండర్ శాడిల్ క్లాసునే. "షీ వన్ ద హాక్" అని ట్రైనర్ అంటే జంపులు చేసిందని కాదు. కాబట్టి మనుషులు అనే హాక్ వేరు, కాగితం మీద హంటర్ హాక్ వేరు. కాగితం మీద ఆ పేరు చూస్తే కింద వివరంలో జంపుల ఎత్తు రాసి ఉందేమో చూడండి. ఉంటే రెండు జంపులున్నట్టు.

హంటర్ ప్లెజర్ మూడో రకం. అది ఎక్కువగా అరేబియన్, మోర్గన్ జాతుల షోల్లో వినబడుతుంది. జీను, కళ్లెం హంటర్ పద్ధతిలో ఉంటాయి, జంపులుండవు. ఇంగ్లీష్ ప్లెజర్ అన్న పేరు ఇంకా తిప్పలు పెడుతుంది. అన్ని జాతులూ కలిసే ఊరి షోలో అంటే ఇంగ్లీష్ జీను వేసిన ఏ గుర్రమైనా రావచ్చు. అదే పేరు మోర్గన్ షోలో అంటే, మోకాళ్లు ఎత్తెత్తి అడుగేసే శాడిల్ సీట్ గుర్రాలు. మీ పోనీ అక్కడ నిలబడితే తప్పేం లేదు, కానీ భరతనాట్యం పోటీలో కోలాటం వేసినట్టు ఉంటుంది. రెండూ మంచివే, జడ్జి వెతికేది మాత్రం వేరు. అందుకే ప్రైజ్ లిస్ట్ మొదటి పేజీలో ఈ షో ఎవరి నియమాల ప్రకారం జరుగుతుందో రాసిన వాక్యం ముందు చదవండి. చాలామంది ఆ వాక్యాన్ని దాటేసి నేరుగా క్లాసుల పట్టికకు వెళ్తారు.

ఇంతకీ ప్లెజర్ అంటే ఎవరి సుఖం? ఎక్కినవాళ్ల సుఖం. ఆ గుర్రం మీద కూర్చుంటే హాయిగా ఉంటుందా, మాట వింటుందా, పగ్గం వదులుగా ఉన్నా అదే వేగంలో ఉంటుందా అన్నది చూస్తారు.

ఇక ఇంటిపేర్లు, అంటే ఎవరు రావచ్చు అన్నది. మీరు టిక్కు పెట్టిన చిల్డ్రన్స్ హంటర్‌తోనే మొదలుపెడతాను. పేరు వింటే పసిపిల్లలదిలా ఉంటుంది. నిజానికి అది పద్దెనిమిది నిండని రైడర్ల డివిజన్, జంపులు సాధారణంగా 3 అడుగులు. అంటే 91 సెంటీమీటర్లు, ఒక్కో రౌండులో వరసగా ఎనిమిది దాకా. నాలుగైదేళ్లు గట్టిగా స్వారీ చేసిన పిల్లలు వెళ్లే చోటు అది. లోకల్ షోల్లో ఎత్తు తగ్గించి పెడతారు కానీ, మీ పాప ఇప్పుడు చేస్తున్న జంపుల స్థాయికి దిగదు. ఈ ఒక్క పేరు వల్ల నేను బల్ల దగ్గర మార్చిన ఎంట్రీలు అన్నింటికన్నా ఎక్కువ. పేరు చూడొద్దు, ఎత్తు చూడండి. 2 అడుగులు, 2 అడుగుల 3 అంగుళాలు, 2 అడుగుల 6 అంగుళాలు, ఇలా మూడేసి అంగుళాలు పెరుగుతూ పోతాయి. ఎత్తు ఎప్పుడూ నిజమే చెబుతుంది.

మీ పాపకు సరిపోయే ఎత్తు పేరు క్రాస్‌రెయిల్స్. రెండు కర్రలు ఒకదాని మీద ఒకటి ఎక్స్ ఆకారంలో పెడతారు, మధ్యలో తగ్గుగా ఉంటుంది, పోనీ కూడా ఆ తగ్గు చూసి మధ్యలోంచే వెళ్తుంది. దానికన్నా ముందు మెట్టు గ్రౌండ్ పోల్స్, కర్రలు నేల మీదే ఉంటాయి.

షార్ట్ స్టిరప్ అంటే కురచ అంకవన్నె, అంటే రైడర్ పాదం పెట్టుకునే కడియం. కాళ్లు పొట్టిగా ఉన్న పిల్లలకు జీను పక్కన వేలాడే తోలుపట్టీని కురచ చేస్తారు కదా, దాన్నుంచి వచ్చిన పేరు. ఎక్కువ షోల్లో పన్నెండేళ్లు, అంతకన్నా తక్కువ. దీనికి జోడీ లాంగ్ స్టిరప్. అది పొడుగు అంకవన్నెలతో స్వారీ చేసే పోటీ కాదు, కొత్తగా నేర్చుకునే పెద్దవాళ్లది. కొన్ని చోట్ల పదమూడు నుంచే మొదలవుతుంది, కొన్ని చోట్ల పద్దెనిమిది నుంచి. ఇంకా కొన్ని షోల్లో రస్టీ స్టిరప్ అని ఉంటుంది. అంకవన్నె తుప్పు పట్టేంత కాలం స్వారీకి దూరమై మళ్లీ వచ్చినవాళ్లకు, నడి వయసులో మొదలుపెట్టినవాళ్లకు. నేను దిగిన మొదటి క్లాసు అదే. ఐదుగురం ఉన్నాం, అందరం నలభై పైబడినవాళ్లం, గేటు దగ్గర ఒకరి హెల్మెట్ పట్టీ ఇంకొకరం సరిచూశాం. మీకూ ఎప్పుడైనా మనసైతే ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

వయసు లెక్క దగ్గర ఒక జాగ్రత్త. "ఈ రోజుకు ఎన్నేళ్లు" అన్నది కాదు. యునైటెడ్ స్టేట్స్ ఈక్వెస్ట్రియన్ ఫెడరేషన్ (ఈ దేశంలో గుర్రపు పోటీల నియమాలు పెట్టే సంస్థ) నియమాలు పాటించే షోల్లో పోటీ సంవత్సరం డిసెంబరు 1న మొదలవుతుంది, ఆ రోజుకు ఉన్న వయసే ఏడాదంతా లెక్క. క్వార్టర్ హార్స్ వాళ్లకు జనవరి 1. మీ పాప పుట్టినరోజు డిసెంబరులో అయితే ఈ తేడా వల్ల ఒక క్లాసు మారిపోవచ్చు. గుర్రాలకైతే ఏ నెలలో పుట్టినా జనవరి 1నే ఒక ఏడు పెరుగుతుంది.

తర్వాత మెయిడెన్, నావిస్, లిమిట్. ఈ మూడూ రిబ్బన్ల లెక్క. క్రికెట్‌లో మెయిడెన్ సెంచరీ అంటే మొదటి సెంచరీ. మలక్‌పేట రేసుల సంగతి తెలిసిన మామయ్యలు ఇంట్లో ఉంటే అడగండి, ఇంకా ఒక్క రేసూ గెలవని గుర్రాన్ని మెయిడెన్ అంటారు. ఇక్కడా అదే. మెయిడెన్‌లోకి అలాంటి పోటీలో ఒక్క మొదటి స్థానమూ రానివాళ్లు, నావిస్‌లోకి మూడు రానివాళ్లు, లిమిట్‌లోకి ఆరు రానివాళ్లు. రెండు, మూడు స్థానాలు ఎన్ని వచ్చినా లెక్కలోకి రావు. అయితే ఆ లెక్క గుర్రానిదా, రైడరుదా అన్నది వివరంలో చూడాలి. నావిస్ హార్స్ అంటే గుర్రం గెలుపులు, నావిస్ రైడర్ అంటే పాప గెలుపులు. అలాగే గ్రీన్ అన్న మాట. గ్రీన్ హార్స్, బేబీ గ్రీన్ అంటే గుర్రం కొత్తది. కొత్త పిల్ల కొత్త గుర్రం మీద వెళ్లాల్సిన క్లాసు కాదది. అనుభవం ఉన్న రైడర్ కొత్త గుర్రానికి షో అలవాటు చేసే చోటు. గ్రీన్ అంటే బిగినర్ అనుకుని రాయించినవాళ్లను చూశాను, దయచేసి ఆ తప్పు చేయకండి. ఇది రిబ్బన్ పోయే తప్పు కాదు, పిల్ల కింద పడే తప్పు.

ఓపెన్ అంటే మీరన్నట్టు ఎవరైనా రావచ్చు. ఎవరైనా అంటే ట్రైనర్లూ రావచ్చు. జీతానికి గుర్రాలు తయారుచేసేవాళ్లు, ఇరవై ఏళ్లుగా రింగులో ఉన్నవాళ్లు, వాళ్ల దగ్గరున్న అందమైన గుర్రాలు, అన్నీ. మా అమ్మాయి రెండో షోలో నేను ఇలాగే ఓపెన్ ప్లెజర్ రాయించాను. పన్నెండు గుర్రాల్లో తను ఒక్కతే పిల్ల. కాంటర్ చేయమన్నప్పుడు వెనకనుంచి పెద్ద గుర్రాలు దాటిపోతుంటే తన పోనీ వాటి వెంట పరుగందుకుంది. ఎలాగో ఆపుకుంది. ఆ సాయంత్రం కారులో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ తర్వాత మూడు నెలలు కాంటర్ అంటే పిల్ల చేతులు బిగుసుకుపోయేవి. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

అమెచ్యూర్ అంటే డబ్బు తీసుకుని స్వారీ చేయని, నేర్పించని పెద్దవాళ్లు. బాగా చేయలేనివాళ్లు అని కాదు. అమెచ్యూర్లలో అద్భుతంగా చేసేవాళ్లున్నారు.

పోనీ క్లాసులకు ఎత్తు పరిమితి ఉంటుంది, గుర్రం ఎత్తును హ్యాండ్స్‌లో కొలుస్తారు. ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు, మన బెత్తెడు లాంటి కొలత. స్మాల్ పోనీ 12.2 దాకా, మీడియం 13.2 దాకా, లార్జ్ 14.2 దాకా. చుక్క చూసి దశాంశం అనుకోకండి. 14.2 అంటే 14 హ్యాండ్స్, పైన 2 అంగుళాలు, మొత్తం 58 అంగుళాలు. ఒక తండ్రి 14.2ను 4తో గుణించి 56.8 అంగుళాలని లెక్క వేసుకున్నారు. తమ 57 అంగుళాల పోనీ ఎక్కువైపోయిందనుకుని, పిల్లను పెద్ద గుర్రాల క్లాసులో రాయించారు. పక్కా పోనీ అది. 14.3 తర్వాత వచ్చేది 15, మధ్యలో 14.4 ఉండదు.

వాక్-ట్రాట్ అంటే లోపల కాంటర్ అడగరు. మీ పాపకు కాంటర్ ఇంకా కుదరలేదు కాబట్టి ఇదే సరైన చోటు. కానీ దీని కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం దాదాపు ప్రతి షోలోనూ ఉంటుంది: వాక్-ట్రాట్‌లో దిగిన రైడర్ అదే షోలో కాంటర్ ఉన్న ఏ క్లాసులోనూ దిగకూడదు. మీరు క్రాస్‌రెయిల్స్ డివిజన్ కూడా రాయించాలనుకుంటే అందులోని అండర్ శాడిల్‌లో కాంటర్ ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే రెండింట్లో ఒకటే. తెలియక రెండూ రాయిస్తే గెలిచిన రిబ్బన్ వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది. తొమ్మిదేళ్ల పిల్ల చేతిలోంచి రిబ్బన్ తీసుకోవడం ఆఫీసులో కూర్చున్నవాళ్లకూ బాధే.

లీడ్‌లైన్ ఇంకా చిన్నపిల్లలది, పోనీని పెద్దవాళ్లు పగ్గం పట్టి నడిపిస్తారు, సాధారణంగా ఆరేళ్ల లోపు. మీ చిన్నబాబుకు నాలుగేళ్లని రాశారు కాబట్టి చెబుతున్నాను, ఆ రోజు వాడినీ ఎక్కించవచ్చు. చాలా చోట్ల పిల్లలందరికీ రిబ్బన్ ఇస్తారు.

పాప ఆడుకోవడానికి మధ్యాహ్నం ఏమైనా ఉంటే రాయించండి. ఎగ్ అండ్ స్పూన్ మనకు తెలిసిందే, నిమ్మకాయ-చెంచా ఆటే, గుర్రం మీద. సిట్-ఎ-బక్ అని ఒకటుంటుంది, జీను లేకుండా తొడ కింద డాలరు నోటు పెట్టుకుని కూర్చోవాలి, చివరిదాకా నోటు జారనివాళ్లు గెలుస్తారు. జీను లేకుండా ఎప్పుడూ చేయకపోతే ఈసారికి వద్దు. జిమ్‌ఖానా అని కనబడితే అది గుర్రాల మీద వేగం ఆటల పోటీ, డ్రమ్ముల చుట్టూ తిరగడం, కర్రల మధ్య మెలికలు తిరగడం లాంటివి. సికింద్రాబాద్ జిమ్‌ఖానా మైదానం తెలిసినవాళ్లకు ఆ మాట ఇక్కడ వినబడితే ఆశ్చర్యమే. మన దేశంలో తెల్లవాళ్ల కాలంలో పుట్టిన మాట, అక్కణ్ణుంచి ఇక్కడికొచ్చింది. పాప తొడుక్కోబోయే ప్యాంటు పేరు కూడా అంతే, జోధ్‌పూర్స్, రాజస్థాన్‌లోని జోధ్‌పూరే.

హ్యాండీ హంటర్, క్లాసిక్, మెడల్, స్టేక్, ఇవన్నీ ఈ ఏడాది మీకు అక్కర్లేదు. మెడల్ అంటే మాత్రం వచ్చినవాళ్లందరికీ పతకం ఇచ్చే క్లాసు కాదని తెలుసుకుంటే చాలు, జంపుల మీద జరిగే గట్టి ఈక్విటేషన్ పోటీ అది.

రిబ్బన్ల రంగులు ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. ఇక్కడ నీలం మొదటిది, ఎరుపు రెండోది, పసుపు మూడు, తెలుపు నాలుగు, గులాబీ ఐదు, ఆకుపచ్చ ఆరు. ఇంగ్లండులో ఎరుపు మొదటిది. లండన్‌లో ఉన్న పిన్నికి ఫోటో పంపితే ఎర్ర రిబ్బన్ చూసి ఫస్ట్ వచ్చిందనుకుంటుంది. ఇక డివిజన్‌లోని క్లాసులన్నిటి పాయింట్లూ కలిపి మొదటివాళ్లు చాంపియన్, రెండోవాళ్లు రిజర్వ్ చాంపియన్. రిజర్వ్ అంటే వెయిటింగ్ లిస్టు కాదు, అది గొప్ప సంగతే, మూడు రంగుల పెద్ద రిబ్బన్ ఇస్తారు. చాంపియన్‌షిప్ లెక్కలోకి రావాలంటే డివిజన్‌లోని క్లాసులన్నిట్లోనూ దిగడం మేలు, ఒక్కటే రాయిస్తే పాయింట్లు సరిపోవు.

ఆఫీసు దగ్గర వినబడే మాటలు నాలుగు. పోస్ట్ ఎంట్రీ అంటే పోస్టులో పంపేది కాదు, గడువు దాటాక రాయించేది, కొంచెం ఎక్కువ రుసుము. స్క్రాచ్ అంటే పేరు తీసేయడం. "క్లాస్ పిన్ అయిందా?" అంటే స్థానాలు ప్రకటించారా అని. కాగిన్స్ అంటే గుర్రం రక్తపరీక్ష కాగితం, బార్న్ పోనీ అయితే అది ట్రైనర్ చూసుకుంటారు.

ఇంతకీ మీ పాపకు నేను రాసేది ఇలా ఉంటుంది. షార్ట్ స్టిరప్ వాక్-ట్రాట్ డివిజన్‌లో ఉన్న మూడు క్లాసులూ: ఈక్విటేషన్, ప్లెజర్, కర్రలుంటే గ్రౌండ్ పోల్స్. అక్కడ ప్లెజర్ ఉన్నా భయం లేదు, ముందు షార్ట్ స్టిరప్ అన్న ఇంటిపేరు ఉంది కాబట్టి లోపలున్నదంతా తనలాంటి పిల్లలే. మధ్యాహ్నం ఎగ్ అండ్ స్పూన్. బాబుకు లీడ్‌లైన్. అంతే. ట్రైనర్‌కు ఇది చూపించి "క్రాస్‌రెయిల్స్ ఈసారికి ఆపి, తర్వాతి షోలో పెడదామా?" అని అడగండి. పోనీ గురించి ఆవిడకు తెలిసింది నాకు తెలియదు, ఆవిడ మాటే చివరిది.

ఎంట్రీ ఫారంలో మొదటి గడి గుర్రం పేరు. పాప రోజూ ఇంట్లో చెప్పే పేరు అక్కడ రాయకండి. మన పిల్లలకు ఇంట్లో ముద్దుపేరు, బడిలో అసలు పేరు ఉన్నట్టే పోనీకి బార్న్ పేరు ఒకటి, షో పేరు ఒకటి ఉంటాయి. మైకులో పిలిచేది షో పేరునే. ఆ రెండో పేరేమిటో ఈ వారమే అడిగి పాపకు చెప్పి ఉంచండి, గేటు దగ్గర పిలిచినప్పుడు తన పోనీనే పిలుస్తున్నారని తెలియాలి కదా.